మూడో రోజు ఏమైంది

మహబూబాబాద్
12 జూన్ 1984

మనోరమక్కకు,

నీ కార్డు అందింది. మొగుళ్లపల్లి పోస్టాఫీసులో కవర్లు దొరకవా అక్కా? "అన్నను పిచ్చోళ్ల దవాఖానల పడేసి చేతులు దులుపుకున్నవట గదా" అని కార్డు మీద రాస్తే దారిలో ఎంతమంది చదువుకుని ఉంటారు! ఇక్కడి పోస్టుమన్ అది నా చేతికిస్తూ నా ముఖం ఒకసారి, దవాఖాన బోర్డు ఒకసారి చూశాడు.

ఊరంతా అన్నా నాకు పట్టదు. నువ్వు అన్నావు, అదే నా బాధ. బాపు సంగతి తెలిసిందే. డిగ్రీలో చేరితే "ఇది ఇల్లు నిలబెట్టే పిల్ల కాదు" అన్నాడు. జనగామ బడిలో ఉద్యోగం వచ్చి గది తీసుకుంటే "మనల్ని చూసి సిగ్గుపడి పోయింది" అన్నాడు. ఇప్పుడు శ్రీపాల్ అన్నను రైలెక్కించి తీసుకొస్తే "దేవుడొచ్చిన మనిషిని పిచ్చోణ్ని చేసింది" అంటున్నాడు. నేను చేసే ప్రతి పనికీ మనింట్లో వేరే పేరు పెడతారు. నువ్వు ఒక్కదానివైనా నన్ను ఉన్నదున్నట్టు చదువుతావనుకున్నాను.

జరిగింది రాస్తాను, ఆ తర్వాత నీ ఇష్టం.

బాపు అన్నను మల్లన్న గుడికి తీసుకెళ్లి, అరచేతిలో బండారి పోసి, ఇక కల్లు ముట్టనని ఒట్టు వేయించాడు. ఆ పసుపు చేతితోనే జనగామలో నా గదికి తెచ్చాడు. మన ఊళ్లో, బచ్చన్నపేటలో అయితే మనింటి వెనకే కల్లు కాంపౌండు కదా. మొదటి రోజు అన్నకు కన్ను మూతపడలేదు. రెండో రోజు చాయ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే పడింది. మూడో రోజు పొద్దున, లేని చీమలు గోడంతా పాకుతున్నాయన్నాడు. "పోలీసులచ్చిన్రు, తలుపెయ్యి చెల్లె" అన్నాడు. తలుపు వేసేలోపే కింద పడ్డాడు. ఒళ్లంతా కట్టెలా బిగుసుకుని కొట్టుకుంది.

బాపు ఏం చేశాడో తెలుసా? అన్న నుదుటికి బండారి రాసి, చేతులు జోడించి నిలబడ్డాడు.

"ఎవరు సామీ? మల్లన్నవేనా? ఏం తప్పయిందో చెప్పు తండ్రీ."

గది అద్దెకిచ్చిన చంద్రమ్మ కొబ్బరికాయ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అన్న నోట్లోంచి నెత్తురు కారుతోంది.

"బాపూ, దేవుడైతే నాలుక కొరుక్కుంటడా?" అన్నాను.

"నోరు ముయ్యి, సదువుకున్నదానా!" అన్నాడు.

స్టేషనుకు రిక్షా పిలిచాను. హన్మకొండ హాస్టల్లో నా గదిలో ఉన్న రాధాబాయి నీకు గుర్తుందా? ఇప్పుడు ఇక్కడ నర్సు. వాళ్ల డాక్టరుగారు హైదరాబాదులో తాగుడు మానిపించే వార్డులో చాలా ఏళ్లు పనిచేసి, ఇక్కడ సొంతంగా పది మంచాల దవాఖాన పెట్టుకున్నారు. ఇక్కడ మతి చెదిరినవాళ్లు కూడా ఉన్నారు, కాదనను. వాళ్ల పక్కన పడుకుంటే అన్న పరువేమీ పోలేదు.

ఇప్పుడు నీతో పని ఉంది. డాక్టరుగారు అడిగిన ప్రశ్నల్లో ఒకదానికి ఎవరం జవాబు చెప్పలేకపోయాం. "ఇదివరకెప్పుడైనా తాగడం ఆపాడా? ఆపిన మూడో రోజు ఏమైంది?" మందు ఎంత ఇవ్వాలో, ఎంత మెల్లగా తగ్గించాలో దాన్నిబట్టి తేలుతుందట. అన్నకు గుర్తు లేదు. నిరుడు మిరపకాయ ఏరేటప్పుడు ఇరవై రోజులు మీ ఇంట్లో ఉన్నాడు. అప్పుడేమైనా అయిందా? రాయి. కవరులో.

అరుంధతి


మొగుళ్లపల్లి
16 జూన్

చెల్లె అరుంధతికి,

కార్డు రాయడం తప్పే. ఇంట్లో కవర్లు అయిపోయాయి, కోపం అయిపోలేదు, ఏం చెయ్యను?

నిరుడు ఇక్కడ ఏమీ కాలేదు. రెండు రోజులు జ్వరం వచ్చింది, తగ్గింది. మీ డాక్టరుకు అదే చెప్పు.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. అన్న ఏమన్నా సారా తాగి బజార్లో పడ్డాడా? కల్లు కూడా తాగుడేనా? పెండ్లికి పోస్తాం, చావుకు పోస్తాం, ఎల్లమ్మకు పోస్తాం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో లాఠీ దెబ్బ తిన్న భుజం అన్నది. ఆ నొప్పికి అలవాటు చేసుకున్నాడు. రెండు నెలలు జైల్లో ఉండి వచ్చినప్పుడు డప్పులతో ఊరేగించారు, నువ్వప్పుడు పలక పట్టుకుని తిరిగేదానివి. ఇప్పటికీ మా ఊళ్లో "జైలు శ్రీపాల్ అక్క" అని నాకు కుర్చీ వేస్తారు. అలాంటి మనిషిని వార్డులో పడుకోబెట్టి ఎవరెవరో ప్రశ్నలు అడుగుతున్నారంటే నాకు మెతుకు దిగడం లేదు.

మీ బావ ఒక ఉపాయం చెప్పాడు. మా వాడలో పెంటమ్మ వరంగల్ నుంచి ఏదో గోళీ తెప్పించి, నూరి, మొగుడికి తెలియకుండా చాయలో కలిపింది. ఆ పొద్దు కల్లు తాగి వచ్చాడట, ముఖం ఎర్రగా కాలిపోయి, పేగులు బయటపడేలా వాంతులు. మళ్లీ సీసా పట్టలేదు. "మా ఆయనకు ఏమైందో ఆయనకే ఎరుక లేదు" అని నవ్వుతుంది. నువ్వూ అదే చెయ్యి. దవాఖాన మాట ఎవరికీ తెలియకుండా పోతుంది. బాపు కూడా చల్లబడతాడు.

మనోరమ


మహబూబాబాద్
21 జూన్

అక్కా,

నిన్న మధ్యాహ్నం అన్నకు మళ్లీ మూర్ఛ వచ్చింది.

మంచం దిగబోతూ పడ్డాడు. కనుబొమ్మ మీద రెండు కుట్లు పడ్డాయి. నీ ఉత్తరం చూసి డాక్టరుగారు "ఇదివరకు ఆపినప్పుడు రాలేదు, సరే" అని మందు కాస్త త్వరగా తగ్గించారు. నిన్ను అనడం లేదు. జరిగింది చెబుతున్నాను.

అన్నను ఎవరెవరో ప్రశ్నలు అడుగుతున్నారని బాధపడ్డావు. అక్కా, పదేళ్లుగా మనింట్లో అన్నకు అందరూ చెప్పినవాళ్లే, అడిగినవాళ్లు ఎవరు? రాధాబాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని రెండు గంటలు అడిగింది.

"పొద్దున లేవంగనే ఎన్ని సీసాలన్నా?"

"రెండు. లేకుంటే అంగీ బొత్తం పెట్టుకోరాదు."

"పొద్దుమూకేదాకా?"

"పది. పన్నెండు. పండుగైతే లెక్క లేదు."

"చెట్టు కల్లా, మందు కల్లా?"

అన్న నవ్వాడు. ఈ పదిరోజుల్లో అదే మొదటి నవ్వు. "ఎండకాలం తాటిచెట్లన్ని ఎండుతయ్, కాంపౌండ్ల సీసాలు మాత్రం తక్కువ గావు. గిప్పుడు సమజైందా?"

డాక్టరుగారు నాకు విడమరిచి చెప్పారు. ఆ సీసాల్లో కల్లు కొంతే, మిగతాది నీళ్లూ నిద్రమందు పొడీ. అన్న ఒళ్లు పదేళ్లుగా ఆ పొడితోనే నడుస్తోంది. అది ఒక్కసారిగా ఆగితే రెండో రోజో మూడో రోజో వణుకు, లేనివి కనబడడం, మూర్ఛ. ప్రాణం కూడా పోవచ్చు. దేవుడూ కాదు, మనసు గట్టిగా లేకపోవడమూ కాదు. కల్లు తాగుడేనా అని అడిగావుగా, ఇదీ జవాబు.

భుజం సంగతీ అడిగింది రాధాబాయి. నేను పక్కనే ఉన్నాను. అన్న చొక్కా పక్కకు జరిపి భుజం చూపించాడు.

"దెబ్బ నెల రోజుల్ల మానింది," అన్నాడు. "ఊరోళ్లు జైలు ముచ్చట చెప్పుమని కూసోబెట్టేటోళ్లు. చెప్పెతందుకు సీసా తాపేటోళ్లు. చెప్పినకొద్ది సీసా వచ్చేది. సీసా వచ్చినకొద్ది ముచ్చట పెరిగేది. లాఠీ ఒక్కటే పడ్డది చెల్లె. నేను నలభై దాకా తెచ్చిన."

నాకు కళ్లనీళ్లు రాలేదు. గర్వంగా అనిపించింది, నమ్ముతావా? డప్పులతో ఊరేగించిన రోజు అన్న ఏమి చేశాడో నాకు తెలియదు. ఈ మాట చెప్పిన రోజు మాత్రం నేను చూశాను.

పెంటమ్మ గోళీ ఇక్కడా ఉంది. డాక్టరుగారు మూడు దారులు చెప్పారు. హైదరాబాదు పెద్ద దవాఖానకు పంపడం ఒకటి. ఇక్కడే ఉంచి, వణుకు తగ్గే మందు ఇచ్చి, దాన్ని మెల్లగా తగ్గించి, తర్వాత నెలనెలా చూడడం ఒకటి. ఆ తర్వాత, మనిషి ఒప్పుకుంటే, ఆ గోళీ. అది తెలియకుండా పెట్టేది కాదు. "అది ఒంట్లో ఉండగా తాగితే కొందరికి వాంతితో పోతుంది, కొందరికి గుండె ఆగుతుంది" అన్నారాయన. పెంటమ్మ అదృష్టవంతురాలు, అంతే. నేను అన్నకు తెలియకుండా ఒక్క గోళీ కూడా ఇవ్వను. దొంగతనంగా బాగుచేస్తే మనిషి బాగైనట్టా?

నేనూ ఒకటి దాచాను, చెప్పేస్తున్నాను. బండారి మీద ఒట్టు బాపు ఆలోచన కాదు. నాది. "నెల దినాలు కొంచెం కొంచెం తక్కువ చేపిద్దాం బిడ్డా" అన్నాడు బాపు. నేనే "నీకు ధైర్యం లేదు బాపూ, ఒక్క దెబ్బకు తెగాలె" అన్నాను. దేవుడంటే అన్నకు భయమని దేవుణ్ని కూడా నేనే వాడుకున్నాను. సైన్సు చెప్పే టీచర్ని! డాక్టరుగారి ముందు ఇది ఒప్పుకున్నాను.

ఇప్పుడు నీ వంతు. జ్వరం అన్నావు. జ్వరమేనా? ఈసారి మందు తప్పితే కుట్లతో పోదు.

అరుంధతి


మొగుళ్లపల్లి
24 జూన్

అరుంధతీ,

జ్వరం కాదు.

నిరుడు మా ఆడబిడ్డ పెండ్లి చూపులని, వచ్చినవాళ్ల ముందు కల్లు వాసన వస్తే బాగుండదని, మీ బావ అన్నకు సీసా బంద్ చేశాడు. మూడో రోజు పశువుల కొట్టంలో పడిపోయాడు. నువ్వు రాసినట్టే, అట్లనే కొట్టుకున్నాడు. పొద్దుగూకేలోపు ఇంకోసారి. చూపులకు వచ్చినవాళ్లు అరుగు మీద ఉన్నారు. నేను కొట్టం తలుపు మూశాను. పనామెను కాంపౌండుకు పంపి సీసా తెప్పించి, తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో పోశాను. గడియలో లేచి కూర్చున్నాడు. నన్ను చూసి "అక్క, ఆకలైతాంది" అన్నాడు.

అప్పటినుంచి కల్లే వాడికి మందు అనుకున్నాను. బచ్చన్నపేట వచ్చినప్పుడల్లా బాపుకు కనబడకుండా నేనే తెప్పించి ఇచ్చాను. తమ్ముడు బతకాలని పోశాను, చెల్లె. ఇంట్లో మూర్ఛ రోగం ఉందంటే పెండ్లి చెడుతుందని ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా.

ఈ ఉత్తరం డాక్టరుకు చూపించు. ఆయన చదివేటప్పుడు నువ్వు నా ముఖం తలుచుకోకు.

మనోరమ


మహబూబాబాద్
11 ఆగస్టు

మనోరమక్కకు,

నీ ఉత్తరం చదివి డాక్టరుగారు ఏమన్నారో అప్పుడే రాయాల్సింది, ఊపిరాడలేదు. "ఇది రాసినామె నా సగం పని చేసింది" అన్నారు. మందు మళ్లీ పెంచి, ఈసారి వారం వారం గోరంత గోరంత తగ్గించారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా మూర్ఛ రాలేదు. నువ్వు కొట్టం తలుపు మూసిన మాట నేను మరిచిపోయాను. తెరిచిన మాట గుర్తుపెట్టుకున్నాను.

అన్నను నువ్వు చూడాలి! తన గడ్డం తనే గీసుకుంటున్నాడు, ఒక్క గాటు లేకుండా. మొదటిరోజు అద్దం పట్టుకుని నేను నిలబడితే "చెయ్యి వణుకుతలేదు సూడు" అని బ్లేడు గాల్లో పట్టి పరీక్షకిచ్చాడు. రెండు పూటలా తింటున్నాడు. చొక్కా మెడ దగ్గర బిగుతైంది.

పక్క మంచం మీద కొత్తగూడ నుంచి వచ్చిన తుల్సీరాం ఉన్నాడు, ఇప్పసారా మనిషి. వాళ్లావిడ జమ్లీ గొంతు లేస్తే వార్డంతా లేచి కూర్చోవలసిందే. మొన్న అన్నకు ఆశ పుట్టింది. చెప్పులేసుకున్నాడు. ఎక్కడికో నాకు తెలుసు, స్టేషన్ దాటితే దుకాణం ఉంది. నేను నోరు తెరిచేలోపే జమ్లీ గుమ్మంలో అడ్డంగా కూర్చుని పేలు చూసుకోవడం మొదలుపెట్టింది.

"జరుగమ్మ," అన్నాడు అన్న.

"ఎందుకు జరగాలె? జైలుకు పోయిననంటివి. పోలీసుకు బయపడనోనివి సీసాకు బయపడి ఉరుకుతున్నవా?"

"బయపడి కాదు, కావాలనిపిస్తాంది."

"అనిపియ్యనీ. నాకు గూడ గీన్ని ఇడిసిపెట్టి పోవాలనిపిస్తది దినాం. పోతున్ననా?"

తుల్సీరాం దుప్పటి ముసుగేసుకున్నాడు. అన్న పకపకా నవ్వి చెప్పులు విడిచాడు. ఆ ఆశ అరగంటలో తగ్గింది. ఎంతసేపుంటుందో గడియారం చూసుకోమని డాక్టరుగారు ముందే చెప్పారు. ఇప్పుడు ఆశ పుట్టినప్పుడల్లా అన్న జమ్లీ ముందుకెళ్లి కూర్చుంటాడు, తిట్టించుకోవడానికి.

గోళీ సంగతి. డాక్టరుగారు అన్నను కూర్చోబెట్టి అంతా చెప్పారు: తాగితే ఏమవుతుంది, గోళీ ఆపిన పదిహేను రోజుల దాకా ఒంట్లో ఎలా ఉంటుంది, దగ్గుమందులో కూడా ఏం చూసుకోవాలి. "ఇదొక్కటే సరిపోదు, నెలనెలా రావాలి, మాట్లాడాలి" అన్నారు. అన్న ఒకరోజు గడువు అడిగాడు. మర్నాడు వచ్చి సంతకం పెట్టాడు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. రోజూ పొద్దున తనే అడిగి వేసుకుంటున్నాడు.

నా సంగతి కూడా రాయాలి. రాధాబాయి ప్రశ్నల కాగితం పుస్తకాల భాషలో ఉంది. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు "మాదకద్రవ్యం" అంటే తల గోక్కుంటున్నారు. నేను కూర్చుని మన మాటల్లోకి మార్చాను. అన్న దాన్ని చదివి రెండు ప్రశ్నలు కొట్టేసి నాలుగు రాశాడు. "మీ ఇంట్ల నీకు సాటుంగ ఎవరు తాపుతరు?" అనే ప్రశ్న అన్న రాసిందే. నీ గురించి కాదు, కోపం తెచ్చుకోకు. ఈ ప్రశ్న అడిగితే పదిమందిలో ఏడుగురు తల్లి పేరో అక్క పేరో చెబుతున్నారు, చెప్పి ఏడుస్తున్నారు. కొత్తవాళ్లను ఇప్పుడు నేనూ అన్నా కలిసి అడుగుతున్నాం. "మూడో రోజు ఏమైంది?" అని అన్న అడిగితే దాచేవాళ్లు లేరు. వాళ్ల ముఖాల్లో తెలుస్తుంది, వీడు అక్కడినుంచి వచ్చినవాడని.

జనగామ బడి తెరిచి రెండు నెలలైంది. హెడ్మిస్ట్రెస్ రెండు ఉత్తరాలు రాసింది. జవాబు రాయాలి.

అరుంధతి


మొగుళ్లపల్లి
13 సెప్టెంబరు

చెల్లె అరుంధతికి,

శుభవార్త. మొన్న బచ్చన్నపేట పోయి వచ్చాను. బాపు మెత్తబడ్డాడు. నువ్వు పంపిన ఫొటో కండ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. "మెడ నిండింది పిలగానికి" అన్నాడు. తర్వాత ఎవరూ అడగకుండానే, "పెత్రమాసకు శ్రీపాల్ రావాలె" అన్నాడు. పేరు పెట్టి అన్నాడు. రెండేళ్లయింది బాపు నోట అన్న పేరు వచ్చి.

మన నాయనమ్మ సత్తెమ్మవ్వ పోయాక ఇదే మొదటి పెత్రమాస కదా. పెద్దలకు విస్తరి పెట్టి, ఇంటి పెద్దకొడుకు దాని ముందు నేల మీద కల్లు సాక పోసి, మిగిలింది తను ముందు నోట్లో వేసుకుని అందరికీ పంచాలి. మనింటి పద్ధతి నీకు తెలియనిదా? బాపు మోకాళ్లు వంగడం లేదు, అన్నే పొయ్యాలి. మన ఇంటిపేరు పాలోళ్లందరినీ పిలిచాడు. కొడుకు బాగై వచ్చాడని వాళ్ల ముందు చూపించుకోవాలని ఆయన ఆశ.

ఆ గోళీ రెండు రోజులు ఆపితే సరిపోదా? ఒక్క చుక్క. నాలుకకు తాకించి ఊసినా చాలు. వద్దంటే బాపు మళ్లీ బిగుసుకుంటాడు. ఆడపిల్లవు, నువ్వు సర్దిచెప్పాలి. పోనీ సీసాలో కొబ్బరినీళ్లు పోసి కల్లని చెబుదామా అని కూడా ఆలోచించాను. ఏం చేద్దామో రాయి.

మనోరమ


మహబూబాబాద్
18 సెప్టెంబరు

మనోరమక్కకు,

నీ ఉత్తరం అన్నకు మొత్తం చదివి వినిపించాను. కొబ్బరినీళ్ల మాటతో సహా.

"బాపు పిలిచిండా? నా పేరు వెట్టి పిలిచిండా?" అని మూడుసార్లు అడిగాడు. ఆ పూట అన్నం తినలేదు, సంతోషంతో. పోతానన్నాడు. వెళ్లకపోతే ఈ బాగుపడడమంతా ఎవరికోసమన్నట్టుంది అతనికి. అందుకే రానివ్వనని నేను అనను.

కానీ ఒక్క చుక్క కుదరదు. రెండు రోజులు ఆపితే ఒంట్లోంచి పోయే గోళీ కాదని రాశాను. ఇప్పుడు ఆపినా పెత్రమాస నాటికి ఒంట్లోనే ఉంటుంది. నాలుకకు తాకించినా చాలు అన్నావు. ఆ చాలు ఎక్కడ ఆగుతుందో పదేళ్లు చూశాం. "సాక పోసి నోట్లో పెట్టుకోకుండా లేస్తావా అన్నా?" అని అడిగాను. గొప్పలకు పోతాడేమో అనుకున్నాను. పోలేదు.

"సీసా మూత తీస్తె నా చెయ్యి నాది కాదు చెల్లె. నా ముందట మూత తియ్యకున్రి. గంతె."

మనింట్లో ఎవరు ఇంత తెగువగా మాట్లాడారు అక్కా? అరవై తొమ్మిది సంగతి పాలోళ్లు చెప్పుకోనీ. నేను మాత్రం ఈ మాట చెప్పుకుంటాను.

కొబ్బరినీళ్లూ వద్దు. అన్న బాగైంది దాచిపెట్టి కాదు. పాలోళ్లు అడిగితే చెబుతాను, దవాఖాన పేరుతో సహా. వాళ్లలో ఇద్దరికి చేతులు వణకడం నేను చూశాను, వాళ్లకూ పనికొస్తుంది.

ఆడపిల్ల పోసిన సాక పెద్దలు అందుకోరని బాపు అంటాడు. అవ్వ మంచం పట్టిన రెండేళ్లు, నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె గిన్నె ఎవరు నింపారో బాపును అడుగు. నా చేతిది వద్దని అవ్వ ఒక్కనాడూ అనలేదు. నాకు సీసా మూత తీస్తే చెయ్యి వణకదు. ఇంటికి నేనూ బిడ్డనే.

హెడ్మిస్ట్రెస్‌కు రాజీనామా నిన్న పోస్టు చేశాను. ఇక్కడే ఉంటున్నాను, ప్రశ్నలు అడిగే పనిలో.

పెత్రమాస పొద్దున ప్యాసింజరుకు వస్తున్నాం. అన్న పెద్దకొడుకుగా బాపు పక్కన పీట మీద కూర్చుంటాడు. విస్తరి అన్న పెడతాడు. అన్న లేచి ఇంట్లోకి వెళ్లాకే సీసా వాకిట్లోకి వస్తుంది. సాక నేను పోస్తాను.

అరుంధతి